సెలవుల ప్రయాణానికి ఎన్నాళ్ల ముందు పూనుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలామంది ఒకే సంగతి అడిగారు. సెలవుల్లో కుటుంబంతో ఎక్కడికైనా వెళ్లాలంటే ఎంత ముందుగా పూనుకోవాలి, ఏది ముందే ఖాయం చేసుకోవాలి, ఏది ఆపుకోవాలి అన్నది వారి ప్రశ్న. ఎక్కువ ఉత్తరాలు గోదావరి డెల్టా ప్రాంతం నుంచే వచ్చినందువల్ల ఈసారి వాటినే తీసుకున్నాం.

ప్రశ్న: మాది పాలకొల్లు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మా వారు బ్యాంకు ఉద్యోగి. వచ్చే వేసవి సెలవుల్లో అత్తమామలను, ఇద్దరు పిల్లలను తీసుకుని ఊటీ వెళ్లి, తిరుగు ప్రయాణంలో తిరుమల దర్శనం చేసుకుని రావాలని అనుకుంటున్నాం. ఇంకా ఆరు నెలలుండగానే టికెట్లు, గదులు అన్నీ తీసేసుకోవాలని మా వారు పట్టుబడుతున్నారు. మా అత్తగారేమో "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటూ, వారం ముందు అనుకుంటే చాలునంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ వారి ఆలోచనంతా ఆలస్యమైతే దొరకని వాటి మీద ఉంది. మీ అత్తగారి ఆలోచనంతా మన చేతిలో లేని వాటి మీద ఉంది. రెండూ నిజమే కాబట్టి ఒకరి మాట విని మరొకరిని పక్కన పెట్టవలసిన అవసరం లేదు. ఏ ప్రయాణానికైనా రెండు తేదీలు తేల్చుకోవాలి. మనకు కావలసినది ఏ రోజు దాటితే దొరకదో అది మొదటి తేదీ. ఇంటిల్లిపాదీ వెళ్లగలమో లేదో ఏ రోజుకు గట్టిగా తెలుస్తుందో అది రెండో తేదీ. రెండోది ముందుగా వస్తే ఏ చిక్కూ ఉండదు. చాలా ఇళ్లలో మాత్రం మొదటిదే ముందుకొస్తుంది. అప్పుడు, తీరా వెళ్లలేకపోతే ఎంత డబ్బు పోతుందో లెక్క వేసుకుని, ఆ నష్టం భరించగలిగినంత మేరకే ముందుగా కట్టాలి.

ఇప్పుడు మీ ప్రయాణానికే ఈ లెక్క వేసి చూద్దాం. మీ వారు ఎంత తొందరపడినా ఆరు నెలల ముందు రైలు టికెట్లు దొరకవు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. నాలుగు నెలల ముందు టికెట్లు తీసుకున్న వారిలో నూటికి ఇరవై మందికి పైగా వాటిని రద్దు చేసుకుంటున్నారని అప్పట్లో రైల్వే శాఖే కారణం చెప్పింది. అంటే మీ అత్తగారి అనుమానానికి దేశమంతటా ఆధారం ఉన్నట్టే. మీరు మే 10న బయలుదేరాలనుకుంటే మార్చి 11 ఉదయం 8 గంటలకు ఆ రోజు టికెట్లు తెరుచుకుంటాయి. మే 18న తిరుగు ప్రయాణమైతే వాటి కోసం మార్చి 19 దాకా ఆగాలి. వెళ్లేటప్పటి టికెట్లు దొరికిన సంబరంలో తిరుగు టికెట్ల రోజును మరిచిపోయి, చివరికి తత్కాల్ మీద ఆధారపడే కుటుంబాలు ప్రతి వేసవిలోనూ కనిపిస్తాయి. ఆరుగురితో, అందులోనూ పెద్దవాళ్లతో, తత్కాల్‌ను నమ్ముకోవడం మంచిది కాదు. తత్కాల్‌లో ఖాయమైన టికెట్టును రద్దు చేసుకుంటే డబ్బు కూడా తిరిగి రాదు. ఈ రెండు తేదీలనూ ఇప్పుడే గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

మరొక సంగతి కూడా గమనించాలి. నరసాపురం నుంచో కాకినాడ నుంచో బయలుదేరే బండ్లలో మన స్టేషన్లకు బెర్తులు ఎక్కువగా ఉంటాయి. ఉత్తరాది నుంచి వచ్చి మన మీదుగా దక్షిణానికి పోయే బండ్లలో మధ్య స్టేషన్ల కోటా చిన్నది. అటువంటి బండిలో వెయిటింగ్ లిస్టు పడితే అది ఖాయమయ్యే ఆశ తక్కువ. మీ ఊరి నుంచి ఊటీ వైపు నేరుగా వెళ్లడం కష్టం కాబట్టి చెన్నై దాకా ఒక టికెట్టు, అక్కడి నుంచి మేట్టుపాళయానికో కోయంబత్తూరుకో మరొక టికెట్టు తీసుకోవడమే మేలు. బండి మారేచోట కనీసం ఒక పూట వ్యవధి ఉంచండి. మేట్టుపాళయం నుంచి ఊటీకి కొండ రైలు ఎక్కించాలని పిల్లలకు మాట ఇచ్చి ఉంటే దానికీ ఇదే 60 రోజుల గడువు. అందులో సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ కాబట్టి దానికి మాత్రం ఆ ఉదయం ఆలస్యం చేయకండి.

తిరుమల విషయంలో మీ వారి తొందర చాలావరకు సరైనదే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను తిరుమల తిరుపతి దేవస్థానం దాదాపు మూడు నెలల ముందుగా, ప్రతి నెలా ఒక ప్రకటించిన రోజున ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. మే నెల టికెట్ల కోసం మీరు ఫిబ్రవరిలో కనిపెట్టుకుని ఉండాలి. వేసవి సెలవుల రోజులు చాలా త్వరగా అయిపోతాయి. కాబట్టి మీ ప్రయాణంలో ముందుగా గడువు మీరేది రైలు కాదు, దర్శనం. దర్శనం తేదీ దొరికిన తరువాతే దాని చుట్టూ మిగతా రోజులను అమర్చుకోండి. దర్శనం టికెట్లు దొరకకపోయినా ప్రయాణం మానుకోనక్కరలేదు. తిరుపతిలో ఇచ్చే ఉచిత సర్వదర్శనం టోకెన్లతో వెళ్లవచ్చు, కాకపోతే పెద్దవాళ్లు వేచి ఉండే సమయం ఎక్కువవుతుంది.

ఊటీలో గదికి రెండు మూడు నెలల ముందు చూసుకుంటే సరిపోతుంది. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే చోటునే ఎంచుకోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. సొంత కారులోనో అద్దె కారులోనో కొండ ఎక్కేవారు ఈ-పాస్ తీసుకోవాలని మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు 2024 మే నుంచి నిబంధన ఉంది. 2025 వేసవి నుంచి రోజుకు ఇన్ని వాహనాలనే పరిమితి కూడా పెట్టారు. బండి మాట్లాడుకునేటప్పుడే పాస్ ఎవరు తీస్తారో డ్రైవరును అడిగి తేల్చుకోండి.

ఇక మీ అత్తగారి పక్షాన. బ్యాంకు ఉద్యోగులకు మార్చి నెలాఖరు లెక్కలు, ఆ తరువాత బదిలీలు ఉంటాయి. మీకు ఏప్రిల్‌లో పదో తరగతి జవాబు పత్రాల మూల్యాంకనం పడవచ్చు. పిల్లల్లో ఎవరైనా పై తరగతి ప్రవేశ పరీక్ష రాయబోతుంటే ఆ తేదీ కూడా రావాలి. వీటిలో చాలావాటి సంగతి మార్చి దాటితే గానీ తెలియదు. అందుకే పోగొట్టుకుంటే నొప్పి తెలియని వాటికే ముందుగా డబ్బు కట్టండి. స్లీపరు టికెట్టును చాలా ముందుగా రద్దు చేసుకుంటే మనిషికి 120 రూపాయలు పోతాయి, అంటే మీ ఆరుగురికి 720. మూడో తరగతి ఏసీలో మనిషికి 180 రూపాయలు, దానిపై పన్ను. ఇది భరించదగిన నష్టమే. అదే విమానం టికెట్లో, తిరిగి ఇవ్వని హోటలు అడ్వాన్సో అయితే వేలల్లో పోతుంది. పైగా ఖాయమైన రైలు టికెట్టును బండి బయలుదేరడానికి 24 గంటల ముందు వరకు తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలలో ఒకరి పేరు మీదికి స్టేషనులో మార్పించుకోవచ్చు. మీ అత్తగారు ఆ గడువు లోపు రాలేనంటే ఆవిడ టికెట్టు మీద మీ ఆడపడుచు వెళ్లవచ్చు.

ఒక్క మాట చనువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. "వారం ముందు అనుకుంటే చాలు" అనే పెద్దవారికి చాలాసార్లు ప్రయాణం గురించి కాక మోకాళ్ల గురించి, మెట్ల గురించి, రాత్రిపూట పై బెర్తు గురించి బెంగ ఉంటుంది. అది పైకి చెప్పలేక సామెతలు చెబుతారు. తేదీ ఖాయం చేసే ముందు ఆవిడ దగ్గర కూర్చుని, రోజుకు ఎంత దూరం నడవగలరో, కొండ చలి పడుతుందో లేదో అడగండి. ఆరు నెలల ముందు చేయవలసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఊటీలో ఏ రోజు ఏ తోట చూడాలో మాత్రం ఇప్పుడు రాసుకోకండి. అక్కడ మధ్యాహ్నం వాన పడితే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ప్రతి సంక్రాంతికీ కాకినాడ రావడానికి టికెట్టు దొరకదు. మూడు నెలల ముందు నుంచే ప్రయత్నించాలా?

సమాధానం: మూడు నెలల ముందు చేయగలిగినది సెలవు అడగడం ఒక్కటే. జనవరి 10న బయలుదేరే బండికి నవంబరు 11 ఉదయం రిజర్వేషన్ మొదలవుతుంది. గౌతమి వంటి రాత్రి బండ్లలో బెర్తులు నిమిషాల మీద అయిపోతాయి. ఐఆర్‌సీటీసీ ఖాతాను ముందుగానే ఆధార్‌తో ధ్రువీకరించి ఉంచుకోండి, ఇది లేనివారికి రిజర్వేషన్ తెరుచుకున్న వేళ ఆన్‌లైన్‌లో అవకాశం ఇవ్వడం లేదు. భోగికి ముందు రెండు రోజులను వదిలి మరో రెండు రోజులు ముందుగా బయలుదేరగలిగితే చిక్కు చాలావరకు తీరుతుంది. అదీ కుదరకపోతే పండుగ ప్రత్యేక రైళ్ల ప్రకటన కోసం చూస్తూ ఉండండి. వాటిని ఆలస్యంగా ప్రకటిస్తారు కాబట్టి కంగారు పడి ప్రైవేటు బస్సుకు రెండింతలు పెట్టేయకండి.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర పల్లె మాది. ఐదెకరాల వరి, కాస్త కొబ్బరితోట ఉన్నాయి. పెళ్లయి పాతికేళ్లు దాటినా నా భార్యను ఊరు దాటించి ఎక్కడికీ తీసుకెళ్లలేకపోయాను. ఆమెకు కాశీ చూడాలని ఉంది. ఎప్పుడు అనుకున్నా ఏదో ఒక పని అడ్డం వస్తుంది. రైతన్నవాడు ఎంత ముందుగా అనుకుంటే ప్రయాణం సాగుతుంది?

సమాధానం: ఈ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. ఆమె కోరిక తీరాలని నాకూ గట్టిగా ఉంది, కాబట్టి నెల నెలా లెక్క చూద్దాం.

రైతులు సాధారణంగా దాళ్వా (రెండో పంట) అయ్యాక వెళదామనుకుంటారు. ఏప్రిల్‌లో కోతలు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీరు వదిలే దాకా చేను ఖాళీగా ఉంటుంది. కాగితం మీద ఇది బాగుంటుంది. కానీ కోత యంత్రం మీ వంతుకు ఎప్పుడు వస్తుందో తెలియదు. కోసిన ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబెట్టి, తేమ 17 శాతం లోపుకు వచ్చిందో లేదో చూపించి, గోనె సంచుల కోసం, లారీ కోసం ఎదురుచూసి, మిల్లుకు చేర్చేసరికి మే నెల సగమవుతుంది. మధ్యలో ఒక్క అకాల వర్షం పడితే రాశుల మీద బరకాలు కప్పుకుంటూ రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలి. ఆ సమయానికి అరవై రోజుల ముందు, అంటే మార్చిలో, టికెట్టు తీసుకోవడమంటే ఏమీ తెలియకుండా తీసుకోవడమే. పైగా మే నెలలో కాశీ ఎండ మన ఎండ కన్నా తీవ్రం, ఘాట్ల రాళ్లు కాళ్లు కాలుస్తాయి. మీ ప్రయాణాలు ఇన్నేళ్లూ ఆగిపోవడానికి బహుశా ఈ కాలాన్నే నమ్ముకోవడం కారణం కావచ్చు.

ఆగస్టు, సెప్టెంబరుల సంగతి చెప్పనక్కరలేదు, గోదావరికి వరద వచ్చే రోజుల్లో కోనసీమ రైతు ఊరు విడిచి వెళ్లలేడు. నేను మీకు ఫిబ్రవరి సూచిస్తాను. సార్వా (తొలి పంట) ధాన్యం అమ్మిన డబ్బు డిసెంబరు, జనవరి నాటికి చేతికొస్తుంది. దాళ్వా నాట్లు పడిపోయి, తొలి పై ఎరువు వేశాక, పొట్ట దశకు ముందు కొద్ది వారాలు చేను కాస్త నిలకడగా ఉంటుంది. నీరు ఒక్కటే చూడాలి. కాలువ చివరి భూములకు వంతులవారీగా నీరిచ్చే కాలం కాబట్టి, మీ వంతు రోజున తూము దగ్గర నిలబడి తడి పెట్టగలిగే మనిషి కావాలి. ఈ ప్రయాణం సాగేదీ ఆగేదీ ఆ మనిషి మీదే ఆధారపడి ఉంటుంది. తమ్ముడో, పక్క చేను రైతో, ఎవరైనా సరే, టికెట్లు తీసుకోక ముందే అడిగి మాట తీసుకోండి, వారికి మీరు తిరిగి ఏ పనికి సాయపడతారో కూడా చెప్పండి. కొబ్బరి దింపు బయలుదేరే వారం ముందు తీయించేస్తే తోట గురించి దిగులుండదు.

ఈ లెక్కన మీరు అనుకోవలసింది దీపావళి నాటికి. టికెట్లు తీసుకోవలసింది డిసెంబరులో. ఈ రెండింటి మధ్యనే మనకు తుపాన్ల కాలం గడుస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో చేతికొచ్చిన వరిని, ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లను ఒక్క రాత్రిలో ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అటువంటిదేమైనా వస్తే, అప్పటికి మీరు ఒక్క రూపాయి కూడా కట్టి ఉండరు. రాకపోతే, పంట చేతిలో పెట్టుకుని డిసెంబరులో ధైర్యంగా టికెట్లు తీసుకుంటారు.

మీ ప్రాంతానికి రైలు ఇంకా రాలేదు, కోటిపల్లి నుంచి నరసాపురానికి లైను పనులు పూర్తి కావలసి ఉంది. కాబట్టి రాజమహేంద్రవరం వచ్చి బండి ఎక్కవలసి ఉంటుంది. రాకపోకలకే నాలుగు రోజులు వేసుకోండి. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న ఆచారం ఉంది. అది మీ దంపతులకు ముఖ్యమైతే రెండు వారాలు చేను మరొకరి చేతిలో ఉంచాలి. అంత కుదరదనిపిస్తే మూడు రాత్రులు ఉండి రండి. ఆచారం నెరవేరేదాకా ఆగుదామని మరో పాతికేళ్లు గడపవద్దని నా మనవి. అక్కడ తెలుగువారి సత్రాలు ఉన్నాయి, టికెట్లు ఖాయమైన రోజే ఫోను చేసి గది అడగండి. మహాశివరాత్రి ఏ తేదీన వస్తుందో పంచాంగంలో చూసి, దానికి వారం ఇటూ అటూ తప్పించుకుంటే దర్శనం నెమ్మదిగా అవుతుంది.

ప్రశ్న: ఆకివీడు ప్రాంతంలో రొయ్యల చెరువులు చేస్తున్నాను. పిల్లలకు సెలవులు ఇవ్వగానే గోవా వెళ్లాలని, విమానం టికెట్లు చవకగా ఉన్నప్పుడే మూడు నెలల ముందు తీసుకోవాలని ఇంట్లో అంటున్నారు. నాకు ఎటూ తోచడం లేదు.

సమాధానం: మీరు మాత్రం ఆ చవక టికెట్టు తీసుకోవద్దు. రొయ్య పిల్ల వేసిన చెరువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, ఫలానా రోజని మూడు నెలల ముందు చెప్పగలవారు లేరు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క), ధర రెండూ కుదిరేదాకా ఆగాలనిపించవచ్చు, తెల్లమచ్చ తెగులు కనబడితే రాత్రికి రాత్రి పట్టేయవలసి రావచ్చు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయే వేళకు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూడటం, కరెంటు పోతే జనరేటరు వేయించడం, ఇవన్నీ జీతగాడి మీద వదిలేసి వెళ్లినా మీ మనసు చెరువు గట్టు మీదే ఉంటుంది.

అలాగని కుటుంబాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు. భార్యాపిల్లలకు, వారికి తోడుగా వచ్చే బంధువులకు తేదీ ఖాయం చేసి టికెట్లు తీసేయండి. మీరు వీలైతే రెండు రోజులు వెనుకగా వెళ్లి కలవండి, ఆ ఒక్క టికెట్టుకు ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడండి. అందరూ కలిసి వెళ్లే ప్రయాణాన్ని మాత్రం పట్టుబడి అయ్యి, చెరువు ఎండబెట్టి, మళ్లీ సున్నం చల్లే లోపు పెట్టుకోండి. దానికి కారులో వెళ్లిరాగల చోటే తగినది. శీతాకాలమైతే అరకు, లంబసింగి ఉన్నాయి. ఎక్కడికి, ఏ దారిన, ఎక్కడ బస అన్నవి ముందే మాట్లాడుకుని ఉంచుకుంటే, పట్టుబడి లెక్క తేలిన మర్నాడే బయలుదేరవచ్చు. సంక్రాంతి సెలవులు, ఆదివారాలు కలిసిన రోజుల్లో మాత్రం అరకులో అప్పటికప్పుడు గది దొరకదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: తణుకు నుంచి రాస్తున్నాను. దసరా సెలవుల్లో పిల్లలతో సింగపూర్ వెళ్లాలని ఉంది. ఏది ముందు చూసుకోవాలి?

సమాధానం: ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులన్నీ ఈ రోజే బయటికి తీసి గడువు తేదీలు చూడండి. పెద్దవారి పాస్‌పోర్టు పదేళ్లకు ఇస్తారు, పిల్లలదైతే అయిదేళ్లకే అయిపోతుంది. తల్లిదండ్రులకు తమది గుర్తుంటుంది గానీ పిల్లలది గుర్తుండదు. చాలా దేశాలు అక్కడికి చేరే నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. పేర్లలో, పుట్టిన తేదీల్లో ఆధార్‌కూ బడి రికార్డుకూ తేడా ఉంటే దాన్ని సరిచేయించడానికే నెలలు పట్టవచ్చు. పాస్‌పోర్టులు చేతికి రాకముందు విమానం టికెట్లు తీయకండి. అవి సరిగా ఉంటే, మూడు నాలుగు నెలల ముందు పూనుకోవడం సింగపూర్‌కు చాలు. యూరప్ అనుకుంటే కథ వేరు. అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, దరఖాస్తుకు సమయం దొరకడమే కష్టం కాబట్టి అలాగే చేయాలి.

ప్రశ్న: రామచంద్రపురంలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగ విరమణ చేశాం, నాకు అరవై ఆరు, మా ఆవిడకు అరవై రెండు. వచ్చే ఏడాది కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్లాలని సంకల్పం. ఇప్పుడే ప్యాకేజీకి అడ్వాన్సు కట్టమని ఒక ఏజెంటు తొందరపెడుతున్నారు.

సమాధానం: ఆలయాలు తెరిచే తేదీలే ఇంకా ప్రకటించకుండా అడ్వాన్సు కట్టడం దేనికి? బదరీనాథ్ తలుపులు తెరిచే ముహూర్తాన్ని వసంత పంచమి నాడు నరేంద్రనగర్ రాజభవనంలో, కేదార్‌నాథ్ ముహూర్తాన్ని మహాశివరాత్రి నాడు ఉఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయంలో నిర్ణయిస్తారు. ఆ తరువాత ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర యాత్రికులు పేర్లు నమోదు చేసుకోవాలి, అది తప్పనిసరి. కాబట్టి ఆ తేదీలు ప్రకటించేదాకా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

అంతదాకా చేయవలసిన పని వేరే ఉంది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు, ఆలయం 3,500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మనమేమో సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున, కాలువ గట్టే కొండ అన్నట్టుండే నేల మీద జీవితమంతా నడిచాం. ఊపిరితిత్తులకు గాని, మోకాళ్లకు గాని ఎత్తు అంటే ఏమిటో తెలియదు. గుర్రం మీదో, డోలీలోనో, హెలికాప్టరులోనో వెళ్లినా అక్కడి పలుచని గాలి అందరికీ ఒకటే. మొదట గుండె, రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకుని, వెళ్లవచ్చునా అని వైద్యుణ్ణి సూటిగా అడగండి. ఆయన సరేనంటే ఈ నెల నుంచే రోజూ నడక మొదలుపెట్టి, నెలకొకసారి అన్నవరం వెళ్లి రత్నగిరి మెట్లు నెమ్మదిగా ఎక్కి చూడండి. ఆయాసం ఎంత దూరానికి వస్తోందో మీకే తెలుస్తుంది. ఎక్కలేకపోతే బదరీనాథ్ ఒక్కటి చూసి రావచ్చు, అక్కడికి వాహనం ఆలయం దగ్గరి దాకా వెళుతుంది.

తెరిచిన కొత్తలో మే, జూన్ నెలల్లో జనం విపరీతం. వానాకాలంలో ఆ కొండల జోలికి పోవద్దు, 2013 జూన్‌లో వరదల వల్ల జరిగిన ఘోరం మనలో ఎవరమూ మరిచిపోలేదు. మీకు ఉద్యోగాల సెలవులతో, బడులతో పని లేదు. కాబట్టి సెప్టెంబరు చివర నుంచి దీపావళి లోపు వెళ్లండి. ఆ తరువాత కేదార్‌నాథ్ తలుపులు మూసేస్తారు. చలి ఎక్కువే గాని దారి ఖాళీగా ఉంటుంది. ఆ లెక్కన రైలు టికెట్లకు జూలై వరకు, మీ శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి దాదాపు పది నెలలు మీకు సమయం ఉంది. వీలైతే ఒక రోజు గుప్తకాశీలో ఆగి, మర్నాడు పైకి వెళ్లండి.

ప్రశ్న: మాది రాజోలు. బెంగళూరులో ఉన్న మా అన్నయ్య కుటుంబం వచ్చే ఆగస్టులో సెలవులు కలిసొచ్చాయని, పాపికొండల యాత్రకు, దిండిలో బసకు ఇప్పుడే అడ్వాన్సు కట్టమంటున్నారు. కట్టవచ్చునా?

సమాధానం: వద్దని చెప్పండి, కారణం కూడా చెప్పండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎలా ఉంటుందో పైన ఎక్కడో పడే వానల మీద ఆధారపడి ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ రోజుల్లో పాపికొండలకు పడవలు నడపరు, నడపకూడదు కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినది వరద నీటిలోనే. నది మధ్య లంక ఊళ్లలో మన వాళ్లే పడవల మీద రాకపోకలు సాగిస్తున్న సమయంలో ఇంటికి వచ్చిన చుట్టాలను మీరు ఏమీ చూపించలేరు.

కార్తీక మాసం దాటాక, నవంబరు చివర నుంచి ఫిబ్రవరి లోపు రమ్మనండి. అప్పుడు నది నిలకడగా ఉంటుంది, పడవలు నడుస్తాయి, ఎండ బాధించదు. సంక్రాంతి వారాన్ని ఎంచుకుంటే దిండిలో గదికి రెండు నెలల ముందు అడగాలి, మామూలు రోజులకైతే రెండు మూడు వారాలు చాలు. పడవ టికెట్టును మాత్రం వాళ్లు వచ్చిన వారంలోనే, ఆ రోజు పడవకు అనుమతి ఉందో లేదో కనుక్కుని తీసుకోండి. మీ అన్నయ్య కుటుంబానికి 2027 గోదావరి పుష్కరాలకు కూడా రావాలని ఉంటే, ఆ సంగతి ఈ ఫోనులోనే మాట్లాడేసుకోండి. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే ఆ పన్నెండు రోజుల్లో బెంగళూరు బండ్లలో బెర్తులు దొరకడం చాలా కష్టం, మీ ఇంట్లో ఎంతమంది పడుకోగలరో కూడా ఇప్పుడే లెక్క చూసుకోవాలి.